మెరిట్ లెక్క ఎక్కడిదాకా?

 

పదో తరగతి ఫలితాలు వచ్చాక ప్రతి ఏడాదీ మన సంఘంలో ఒక చర్చ లేస్తుంది. ఈసారి కాస్త గట్టిగానే లేచింది. మందిరం తరఫున పిల్లల చదువుకు ఇచ్చే సహాయం ఎవరికివ్వాలి అన్నది పైకి కనపడే ప్రశ్న. దాని అడుగున ఇంకో ప్రశ్న ఉంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన తమ్ముడొకడు ఫోన్ చేసి దాన్ని సూటిగా అడిగాడు. "అయ్యగారూ, ఎవరికి మెరిట్ ఉంటే వాళ్లకివ్వడమే కదా న్యాయం? మా ఆఫీసులో అంతే. కులం అడగరు, ఊరు అడగరు. పని వచ్చా రాదా, అదొక్కటే. సంఘమైనా దేశమైనా అలా నడిస్తే తప్పేంటి?"

ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ తమ్ముడి పక్షాన చెప్పవలసింది చెప్తాను. మెరిట్ అనే మాటను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు, ముఖ్యంగా మనలాంటివాళ్లం. అది రాకముందు మన ఊళ్లలో ఏముండేదో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. కరణం కొడుకు కరణం, మునసబు కొడుకు మునసబు. 1895లో తెల్లదొరల కాలంలో మద్రాసు ప్రభుత్వం చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం అలాగే రాసి పెట్టింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు ఉద్యోగం గురించి తగాదా వచ్చి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒకాయనకు ఉన్న బలమేమిటంటే పాత మునసబు వారసుడు కావడం. 1960 డిసెంబరులో కోర్టు తేల్చి చెప్పింది: వంశాన్ని బట్టి సర్కారు ఉద్యోగమివ్వడం రాజ్యాంగానికి విరుద్ధం. అయినా ఆ ఉద్యోగాల పెత్తనం ఊళ్లలో ఇంకా చాలా ఏళ్లు సాగింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వాటిని మొత్తంగా ఎత్తేసేదాకా కరణంగారి గడప ముందు చేతులు కట్టుకుని నిలబడిన మన తాతలున్నారు. పుట్టుకను చూడకండి, పనితనం చూడండి అన్న మాట వాళ్ల చెవులకు సువార్తలాగే వినిపించి ఉంటుంది.

పైగా, పని తెలిసినవాడి చేతిలోనే పని ఉండాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. మాచర్ల ఘాటు దారిలో బస్సు నడిపేవాడికి నడపడం రావాలి. కడుపు కోసేవాడికి కుట్టడం కూడా రావాలి. ప్రసంగం చేసేవాడు వాక్యం చదివి ఉండాలి. (నా దగ్గరున్నది డిప్లొమా. డిగ్రీ ఉన్న పాస్టరును పిలుద్దామని పదిహేనేళ్ల కిందట అన్న పెద్దలు ఈ సంఘంలోనే ఉన్నారు. వాళ్లు ఇది చదువుతారు, నవ్వుకుంటారు కూడా.)

అంతవరకు ఆ తమ్ముడూ నేనూ ఒకే బండిలో ప్రయాణం చేస్తున్నాం. ఆ తర్వాత నేను దిగిపోతాను. ఎక్కడంటే, "ఈ పనికి వీడు సరిపోతాడా" అన్న ప్రశ్న కాస్తా "వీళ్లందరిలో ఎవడు గొప్పవాడు" అన్న ప్రశ్నగా మారే చోట. మొదటిది అవసరమైన పరీక్ష. రెండోది మనుషుల్ని నిచ్చెన మీద నిలబెట్టడం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల జరిగే అన్యాయాన్ని మనం అన్యాయమని కూడా గుర్తుపట్టం.

వైద్య విద్య ప్రవేశ పరీక్షనే తీసుకోండి. మన సంఘం పిల్లలు కూడా రాస్తున్నారు కదా. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల మందికి పైనే. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్ష పైచిలుకు. ఫలితాలు రాగానే 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు. తర్వాత గొడవలు, కేసులు. అందులో ఒక చిన్న సంగతి చాలామంది పట్టించుకోకుండా వదిలేశారు. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు పాత ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకో జవాబు. మొదట రెంటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులను అడిగితే ఒక్కటే సరైనదని తేల్చారు. దాంతో పాత పుస్తకం జవాబు పెట్టిన నాలుగు లక్షల పైచిలుకు పిల్లలకు తలా అయిదు మార్కులు పోయాయి. నాలుగు మార్కులు రాకపోవడం, తప్పుకు ఒకటి కోత. పూర్తి మార్కులు వచ్చినవాళ్లు చివరికి 17 మంది మిగిలారు.

నిపుణులు సరిగానే చెప్పారు, కోర్టు సరిగానే చేసింది. నా ప్రశ్న వేరు. పాత పుస్తకం ఎవరి ఇంట్లో ఉంటుంది? అక్క చదివి తమ్ముడికిచ్చిన ఇంట్లో. పాత పుస్తకాల అంగట్లో సగం ధరకు కొన్న ఇంట్లో. కోచింగులో చేరినవాడికి మెటీరియలే కొత్తది ఇస్తారు. అందరూ ఆ కారణంగానే పోగొట్టుకున్నారని నేననను. కానీ అయిదు మార్కుల తేడాతో ర్యాంకు వేలల్లో జారిపోయే ఆ పరీక్షలో, ఆ అయిదు మార్కులు ఎవరి తెలివిని కొలిచాయి? ఎవరి పుస్తకం ముద్రణ సంవత్సరాన్ని కొలిచాయి? ర్యాంకుల పట్టిక ఆ సంగతి చెప్పదు. దాని మీద అంకె మాత్రమే ఉంటుంది, అంకె చూడ్డానికి చాలా నిష్కల్మషంగా ఉంటుంది.

మన ఊరి సంగతికి వద్దాం. పదో తరగతి పరీక్షలు మార్చిలో. మిర్చి కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పల్నాడులో, గుంటూరులో కూలి ఇళ్ల ఆడపిల్లలకు ఇంతకంటే వివరించి చెప్పక్కర్లేదు. కర్నూలు పడమటి మండలాల నుంచి మన వైపుకు కోతలకు వచ్చే కుటుంబాలైతే పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తాయి. చేలగట్ల మీద వేసుకున్న పట్టాల గుడారాల్లో ఆ పిల్లల్ని నేను చూస్తూనే ఉంటాను. ఈ ఏడాది మన సంఘంలో ఒక అమ్మాయికి 600కి 571 వచ్చాయి. టౌనులో హాస్టల్లో ఉండి చదివింది, బాగా కష్టపడింది. నాలుగున్నరకు లేపేవాళ్లట. ఆ బిడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయను. ఇంకో అమ్మాయికి 412. ఆదివారాలు, సెలవులు, పరీక్షల ముందు వారం కూడా తల్లితో కోతకు పోయింది. కాయ కోసిన చేతులతో కళ్లు నులుముకుంటే ఏమవుతుందో తెలిసినవాళ్లకు, రాత్రి పుస్తకం తెరవడం అంటే ఏమిటో కూడా తెలుసు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారు? ఎవరికి బుర్ర ఎక్కువ? నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. 571, 412 అనే అంకెలు కూడా చెప్పలేవు. చెప్పగలవని మనం నటిస్తున్నాం, అంతే.

"మరి దాన్ని సరిచేయడానికే కదా రిజర్వేషన్లున్నాయి, అవి మెరిట్‌ను పాడుచేశాయి" అంటారు కొందరు. మన వాళ్లలోనే, కాస్త స్థిరపడ్డవాళ్లే అనడం విన్నాను. ఈ మాట మీద నాకు కొంచెం కోపముంది, దాచుకోను. 2023 సెప్టెంబరులో పీజీ వైద్య సీట్లు మిగిలిపోతే కేంద్ర ఆరోగ్య శాఖ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించింది. అన్ని కేటగిరీలకూ. అంటే పరీక్షకు కూర్చున్న ప్రతి ఒక్కరూ కౌన్సెలింగుకు అర్హులే. ఇక ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టగలిగినవాడికి సీటు, కట్టలేనివాడికి లేదు. కూలివాడి కొడుక్కి పది మార్కులు తగ్గించి సీటిస్తే ఆపరేషన్ బల్ల మీద ప్రాణాలు పోతాయని గుండెలు బాదుకున్న గొంతులు ఆ రోజు నాకు పెద్దగా వినపడలేదు. మేనేజ్‌మెంట్ కోటా గురించీ, ఎన్.ఆర్.ఐ. కోటా గురించీ కూడా వినపడవు. డబ్బుతో కొన్న మినహాయింపు మెరిట్‌ను పాడుచేయదట. చట్టం ఇచ్చిన మినహాయింపు పాడుచేస్తుందట.

నిజంగా పాడుచేసిందా అని లెక్కలు వేసి చూసినవాళ్లున్నారు. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు భారతీయ రైల్వేల లెక్కలు, 1980 నుంచి 2002 దాకా ఉన్నవి, తీసుకుని పరిశీలించి 2014లో ప్రచురించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగిన చోట రైల్వే పనితనం తగ్గిందనడానికి వాళ్లకు ఆధారమేమీ దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాల్లోనైతే కాస్త మేలే జరిగినట్టు కనిపించింది. రోజూ లక్షలమంది ఎక్కి దిగే రైళ్లు కాబట్టి, ఇది గాలిలో చెప్పే ఉదాహరణ కాదు.

ఇక "మా ఆఫీసులో కులం అడగరు" అన్న తమ్ముడికి ఒక మాట. అడగనక్కర్లేదు నాయనా, పేరు చెప్తుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేసి 2007లో ప్రచురించారు. పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకమైన చదువులతో దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు ఒక్కటే. పై కులాల పేరున్న దరఖాస్తుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ. అదీ పెద్ద డిగ్రీలున్నవాళ్ల దరఖాస్తులకు. ఆ తలుపు దాటి లోపలికి పోయినవాడికి లోపల అంతా మెరిట్‌గానే కనిపిస్తుంది, నిజమే. తలుపు దగ్గరే ఆగిపోయినవాడు ఆ ఆఫీసులో ఉండడు కాబట్టి అతని సంగతి చెప్పేవాళ్లూ ఉండరు.

మన సంగతి ఇంకా చిత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మన జనానికి బి.సి.-సి కింద ఒక్క శాతం. బాప్తిస్మం తీసుకుంటే కులం పోయినట్టే అని చట్టం నమ్ముతుంది. ఊళ్లో టీ కొట్టువాడు నమ్మడు, అద్దెకు ఇల్లు ఇచ్చేవాడు నమ్మడు. ఈ సంగతి మీద ఒక్క వ్యాసం చాలదు, ఇంకోసారి రాస్తాను.

మెరిటోక్రసీ అన్న ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో తెలుసా? మైకేల్ యంగ్ అనే బ్రిటిషు సామాజిక శాస్త్రవేత్త 1958లో ఒక వ్యంగ్య పుస్తకం రాసి ఈ మాటను జనంలోకి తెచ్చాడు. తెలివి, శ్రమ కొలిచి మనుషుల్ని వరసలో నిలబెట్టే సమాజం చివరికి ఎంత క్రూరంగా తయారవుతుందో చెప్పే కథ అది, తిరుగుబాటుతో ముగుస్తుంది. హెచ్చరికగా రాస్తే జనం దాన్ని మెచ్చుకోలు మాటగా పట్టుకుపోయారు. 2001లో, ఎనభై అయిదేళ్ల వయసులో, ఆయన పత్రికలో ఒక వ్యాసం రాసి, మా ప్రధాని ఈ మాటను పొగడ్తగా వాడటం మానుకుంటే బాగుంటుందని మొరపెట్టుకోవలసి వచ్చింది. ఆయన భయమేమిటంటే, పాతకాలపు జమీందారుకు తన ఆస్తి పుట్టుకతో వచ్చిందని లోలోపల తెలుసు. పేదవాడికీ తెలుసు, తన పేదరికం తన తప్పు కాదని. మెరిట్ లోకంలో గెలిచినవాడు ఇదంతా నా అర్హతే అనుకుంటాడు. ఓడినవాడు ఇది నా చేతకానితనమే అనుకుంటాడు. ఫలితాలు వచ్చిన రాత్రి మన జిల్లాల్లో పిల్లలు ఏం చేసుకుంటున్నారో పేపర్లలో మీరు చూస్తూనే ఉన్నారు. నేను రెండుసార్లు అలాంటి ఇంట్లో భూస్థాపన కూటం జరిపించాను. అక్కడ మెరిట్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

వాక్యం ఈ విషయంలో ఏమంటుందని అడుగుతారు మీరు. తలాంతుల ఉపమానం తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు ఎక్కువ. ఎవడి సామర్థ్యాన్ని బట్టి వాడికి, అని ఉంది కదా అయ్యగారూ అంటారు. ఉంది. కానీ ఆ ఉపమానాన్ని ఇంకోసారి నిదానంగా చదవండి. అయిదు తలాంతులవాడు పది చేశాడు, రెండు తలాంతులవాడు నాలుగు చేశాడు. మన స్కూళ్లలోనైతే పదికి ఫ్లెక్సీ కడతారు, నాలుగుకు చప్పట్లు కూడా ఉండవు. యజమాని మాత్రం ఇద్దరినీ అక్షరం పొల్లు పోకుండా ఒకే మాటతో మెచ్చుకున్నాడు. ఎంత తెచ్చావని కాదు, ఇచ్చినదానితో ఏం చేశావని చూశాడు. 412 తెచ్చిన అమ్మాయి లెక్కను అలా వేస్తే ఎంతవుతుందో నాకు తెలియదు గానీ, ఆ లెక్క వేసేవాడొకడున్నాడని నేను నమ్ముతాను.

ద్రాక్షతోట కూలివాళ్ల ఉపమానం ఇంకా ముళ్లలా గుచ్చుకుంటుంది. పొద్దున వచ్చినవాడికీ, సాయంకాలం ఒక్క గంట చేసినవాడికీ ఒకే కూలి. మా చిన్నప్పుడు సండేస్కూల్లో ఇది విని, ఇదేం న్యాయం అనుకునేవాళ్లం. నరసరావుపేటలో, పిడుగురాళ్లలో తెల్లారుజామున అడ్డా మీద నిలబడే కూలివాళ్లను చూశాక ఆ కథ వేరుగా వినిపిస్తుంది. మేస్త్రీ వచ్చి ముందు ఎవర్ని ఎంచుకుంటాడు? కండ ఉన్నవాణ్ణి. ఎండ ఎక్కేదాకా మిగిలిపోయేది ముసలివాడు, కుంటివాడు, నెల తప్పిన ఆడది. సాయంకాలం ఇంకా నిలబడి ఉన్నారంటే సోమరులై కాదు, మమ్మల్ని ఎవరూ పిలవలేదని వాళ్లే చెప్పారు. ఆ ఒక్క దేనారం ఒక ఇంటికి ఒక రోజు బతుకు. యజమాని వాళ్ల పనిని తక్కువ చేసి చూడలేదు, ఎక్కువ చేసీ చూడలేదు. రాత్రి పొయ్యి వెలగాలని చూశాడు. ఇలా కంపెనీ నడపలేం అయ్యగారూ అంటాడు మన తమ్ముడు. నిజమే, కంపెనీ జీతాల పట్టీకి ఇది నమూనా కాదు. కానీ కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగిన ఆశా అక్కలకూ, వీధులు ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికులకూ చప్పట్లు కొట్టి, వాళ్ల జీతం దగ్గరకొచ్చేసరికి "వాళ్ల చదువుకు అంతే వస్తుంది" అన్నామే, అప్పుడు ఈ ఉపమానం గుర్తుకు రావలసింది.

మన తెలుగు సంఘాల పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉంది. జె.ఇ. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చి పని మొదలుపెట్టినప్పుడు ఊళ్లోని పెద్ద కులాలవాళ్లు ఆదరించారు, వాళ్ల పిల్లల్ని ఆయన బడికి పంపారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్య గారి సాక్ష్యంతో మాదిగ పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలూ రారు అని ఊరి పెద్దలు కబురు చేశారు. తెలివితేటలు, పలుకుబడి, చదువు, అన్నీ ఒక పక్క. ఏమీ లేని జనం ఇంకో పక్క. ఆ రాత్రి దొరగారూ ఆయన భార్యా ఒకరికి తెలియకుండా ఒకరు కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒకే చోట, లోకం వెర్రివాళ్లనుకునేవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం, తెరిచి చదివారట. ఆయన తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. తలుపు తెరిచే ఉంచారు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు.

తర్వాత ధాత కరువు వచ్చింది. తిండి లేక జనం చచ్చిపోతుంటే దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కంట్రాక్టు తీసుకుని ఆ పల్లెల జనానికి పని ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నానికి వచ్చినవాళ్లు అని వెక్కిరించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకు జవాబు ఆ పల్లెల్లో తర్వాత వచ్చిన టీచర్లు, నర్సులు, పాస్టర్లు. 1866లో ఎంట్రన్సు పెట్టి ఉంటే వాళ్ల తాతల్లో ఒక్కడూ పాసయ్యేవాడు కాదు. నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే. ప్రతిభ చాలాసార్లు తలుపు తెరిచిన తర్వాత కనపడుతుంది, ముందు కాదు. తలుపు మూసి ఉంచి, బయటున్నవాళ్లకు ప్రతిభ లేదనడం విత్తనం గాదెలోనే ఉంచి పంట రాలేదనడం లాంటిది.

అయితే గుడ్డిగా తలుపులు తీసి ఊరుకోమని అపొస్తలులు కూడా చెప్పలేదు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో చూడండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చింది. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానం ఉన్నవాళ్లు కావాలన్నారు, అంటే అర్హత పెట్టారు. తీరా ఎన్నికైనవాళ్ల పేర్లు చదివితే స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు వాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. అర్హత పోలేదు, న్యాయమూ జరిగింది.

ఇప్పుడు మన సొమ్ము సంగతి. మన చదువుల నిధి గుప్పెడు బియ్యం కానుకల నుంచి వస్తుంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టి ఆదివారం తెచ్చే బియ్యం. ఈ ఏడాది ఆరుగురు పిల్లలకు సాయం చేయగలం. ఇన్నేళ్లూ మొదటి ఆరు మార్కుల వాళ్లకే ఇస్తూ వచ్చాం. జాబితా తీసి చూస్తే ఆ ఆరుగురిలో నలుగురైదుగురు ఎప్పుడూ టౌను హాస్టలు పిల్లలే. గుప్పెడు బియ్యం తీసేవాళ్లలో ఎక్కువమంది మాత్రం కూలి తల్లులు. నాలుగు వందల మార్కుల తల్లి బియ్యం అయిదు వందల డెబ్బై ఇంటికి పోతోంది.

మార్చుదామంటే మన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు అడ్డు చెప్పారు. ఆయన చెప్పింది తేలికైన మాట కాదు, అందుకని ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "అయ్యగారూ, మీరు మంచివాళ్లే. మీ తర్వాత వచ్చే పాస్టరు గారు ఎలాంటివారో నాకు తెలియదు. కష్టాన్ని బట్టి ఇద్దామంటున్నారు. కష్టాన్ని కొలిచేదెవరు? కమిటీ. కమిటీకి బావమరదులుంటారు, అప్పులిచ్చినవాళ్లుంటారు. మార్కుకు బంధువులు ఉండరండీ. నేను మాదిగ పల్లె నుంచి టీచరునయ్యానంటే సిఫార్సు వల్ల కాదు, మార్కు వల్ల. ఆ నిచ్చెన తీసెయ్యకండి." ఆ రోజు కమిటీలో ఎవరూ మాట్లాడలేదు. ఇప్పటికీ ఈ చర్చలో నేను విన్న గట్టి వాదన ఇదే. పేదవాడిని దొర దయ నుంచి కాపాడింది మార్కు. దాన్ని తీసేసి మళ్లీ దయ చేతిలో, అది పాస్టరు దయైనా సరే, పెట్టకూడదు.

కాబట్టి మార్కు ఉండాలి. ఎక్కడ ఉండాలన్నదే నా ప్రశ్న. యూదా స్థానంలో ఒకరిని ఎన్నుకోవలసి వచ్చినప్పుడు పదకొండుమంది ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. మొదట అర్హత చెప్పారు: యోహాను బాప్తిస్మం మొదలు మనతో ఉన్నవాడై ఉండాలి. ఆ అర్హతకు ఇద్దరు నిలిచారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని తూకం వేయలేదు. ప్రార్థన చేసి చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది. రెండో ఆయన యోసేపు తక్కువవాడని ఎవరూ అనలేదు, ఆయనా తల దించుకోవలసిన పని లేకపోయింది. అమెరికాలో మైకేల్ శాండెల్ అనే ఆచార్యుడు 2020లో రాసిన పుస్తకంలో హార్వర్డు లాంటి పెద్ద విశ్వవిద్యాలయాలు కూడా ఇలాగే చేయవచ్చన్నాడు. చదవగల అర్హత ఉన్నవాళ్లను ముందు తేల్చి, వాళ్లలో లాటరీ తీయమన్నాడు. అక్కడ సీటు వచ్చినవాడు ఇది నా గొప్ప అని విర్రవీగకుండా ఉంటాడని. పెద్ద పెద్ద సంస్థలకు ఇది కుదురుతుందా లేదా అన్నది వాళ్లు తేల్చుకుంటారు. మన ఆరుగురికి కుదురుతుంది.

నేను కమిటీ ముందు పెట్టబోయేది ఇది. 300 మార్కులు దాటిన ప్రతి బిడ్డా అర్హుడే. ఆ అర్హుల్లో సొంత పొలం లేని ఇల్లు, తండ్రి గానీ తల్లి గానీ లేని ఇల్లు, వలస పోయే ఇల్లు, ఈ మూడింటిలో ఒకటైనా ఉన్నవాళ్లది మొదటి వరస. ఇవి ఎవరి దయ మీదా ఆధారపడేవి కావు, ఊరందరికీ తెలిసినవే. మొదటి వరసలో ఆరుగురికంటే ఎక్కువ ఉంటే, ఆరాధన అయ్యాక అందరి ముందు సండేస్కూలు పిల్లవాడొకడి చేత చీట్లు తీయిద్దాం. మార్కుకు బంధువులు ఉండరన్నారు మాస్టారు. చీటీకి కూడా ఉండరు. 571 తెచ్చిన అమ్మాయికి నిధి నుంచి సొమ్ము రాకపోవచ్చు, వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడాను. ఆయన సంతోషించలేదు. కోపంగా లేచి వెళ్లిపోనూ లేదు.

మందిరం ముందు కట్టే అభినందన ఫ్లెక్సీ మీద ఈ ఏడాది పాసైన 19 మంది పేర్లూ అక్షర క్రమంలో వేయిస్తున్నాం, మార్కులు లేకుండా. తప్పినవాళ్లు ముగ్గురున్నారు. సప్లిమెంటరీకి వాళ్లకు లెక్కలు, సైన్సు చెప్పడానికి మాస్టారు గారు సాయంకాలాలు తీసుకుంటున్నారు, ఫీజు లేదు.

కమిటీ జూన్ రెండో ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుంటుంది. మొదట మాస్టారు గారు మాట్లాడతారు, తర్వాత నేను. ఓటు వేసేది మీరు. దరఖాస్తుకు మార్కుల జాబితా నకలు, రేషన్ కార్డు నకలు చాలు. ఇటుక బట్టీల పనికి పోయి ఇంకా తిరిగి రాని మూడు కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లల కాగితాలు పక్కింటివాళ్లు తెచ్చినా తీసుకుంటాం.